కుకీ ప్రెస్ కొనాలా, జంతికల గొట్టం చాలదా?

నవంబరు వచ్చేసరికి అమెరికాలోని మినెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో వంటసామాన్ల దుకాణాలు కుకీ ప్రెస్‌లను ముందు వరుసలోకి తెచ్చి పెడతాయి. జానెడు పొడవున్న ఒక గొట్టం, దాని పైన పిడికిట్లో పట్టి నొక్కే మీట, అడుగున మర తిప్పి బిగించే మూత, ఆ మూతలో మార్చి మార్చి అమర్చుకోవడానికి డజనుకు పైగా చిల్లుల బిళ్లలు: పెట్టెలో ఉండేది ఇంతే. గొట్టంలో మెత్తని బటర్ పిండి కూరి, ట్రే మీద నిటారుగా ఆనించి, మీట ఒక్కసారి నొక్కి పైకి తీస్తే ఒక పువ్వో, క్రిస్మస్ చెట్టో, పూలదండో అక్కడ నిలుస్తుంది. బాదం ఎసెన్స్ వేసి ఇలా వత్తి కాల్చే చిన్న కుకీలను స్ప్రిట్జ్ అంటారు.

ఇటలీలో పాస్తా యంత్రాలు తయారుచేసే మార్కాటో, అమెరికాలోని ఆక్సో, విల్టన్ వంటి సంస్థలు ఇలాంటి ప్రెస్‌లు అమ్ముతున్నాయి. ఈ సమీక్ష వాటిలో ఏ ఒక్కదాని గురించీ కాదు. మీట నొక్కితే పనిచేసే ఈ తరహా పరికరం మన వంటింట్లో పెట్టుకోదగినదేనా, జంతికల గొట్టం ఉన్నవాళ్లకు దీని అవసరం ఏమిటి అన్నదే నేను చూడదలచుకున్నది. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. ఈ పరికరాన్ని ఆకారాలు చూపించి అమ్ముతారు కానీ, దీనికి డబ్బు పెట్టవలసింది ఆకారాల కోసం కాదు, కొలత కోసం. ఆ కొలత అవసరం పడేంతగా కుకీలు చేసేవారికి ఇది మంచి కొనుగోలు. ఏడాదికోసారి సరదాకు చేసేవారికి మాత్రం ఇంట్లో ఉన్న ఇత్తడి గొట్టమే చాలు.

స్ప్రిట్జ్ కుకీల పుట్టిల్లు జర్మనీ, స్కాండినేవియా దేశాలు. జర్మనీలో డిసెంబరులో ఇంటింటా చేసే ష్ప్రిట్జ్‌గెబెక్‌కు ప్రత్యేకమైన ప్రెస్ ఉండి తీరాలన్న నియమం లేదు. ఖీమా కొట్టే మర ముందు ఒక చిల్లుల బిళ్ల బిగించి, పిండిని గాళ్లు (గీతల్లాంటి గాడులు) తేలిన పొడుగాటి పట్టీలుగా తీసి, వేలెడేసి ముక్కలు కోసి కాలుస్తారు, చల్లారాక ఒక కొసను చాక్లెట్‌లో ముంచుతారు. స్వీడన్‌లో అదే పిండిని ఉంగరాలుగా, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా చుడతారు. నార్వేలో క్రిస్మస్‌కు ఏడు రకాల చిన్న పిండివంటలు సిద్ధం చేయాలన్న ఆనవాయితీ ఉంది. ఆ ఏడు ఏవేవి అన్నది ఇంటింటికీ మారినా, బటర్ కుకీలకు వాటిలో ఎప్పుడూ చోటుంటుంది. 19వ శతాబ్దంలో వలస వచ్చిన కుటుంబాలు ఈ అలవాట్లన్నింటినీ మినెసోటా, విస్కాన్సిన్ ఉన్న అమెరికా మధ్య పశ్చిమానికి తెచ్చుకున్నాయి. కుకీలు అయిపోయాక మన ఇళ్లలో సూదులూ దారాలూ దాచుకునే డెన్మార్క్ నీలం డబ్బా ఉంది చూశారూ, అందులోని గాళ్లు తేలిన ఉంగరం కుకీ కూడా ఈ వంశంలోదే. జర్మనీలో పిండిలో బాదం పొడో, హేజల్‌నట్ పొడో కలపడం మామూలు; అమెరికా ఇళ్లలో ఎక్కువగా పొడి లేకుండా ఎసెన్స్‌తోనే చేస్తారు. ప్రెస్ దృష్టిలో చూస్తే ఆ పద్ధతే సుఖం, ఎందుకంటే పలుకులున్న పొడి సన్న చిల్లుల్లో అడ్డుపడుతుంది.

ఇక పరికరం పనితీరు. మీట నొక్కిన ప్రతిసారీ లోపలి కడ్డీ ఒక నిర్ణీత దూరం మాత్రమే కిందికి దిగుతుంది. అంతకు ఎక్కువా దిగదు, తక్కువా దిగదు. కడ్డీ చివరనున్న బిళ్ల పిండిని నెడుతుంది, అడుగు చిల్లుల్లోంచి ఎప్పుడూ ఒకే పరిమాణంలో పిండి బయటికి వస్తుంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, స్ప్రిట్జ్ విషయంలో ఇదే ముఖ్యం. ఈ కుకీలు రూపాయి బిళ్ల కంటె కొంచెం పెద్దవి, అర అంగుళం కూడా మందం ఉండవు, 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఏడెనిమిది నిమిషాల్లో కాలిపోతాయి. అంత తక్కువ సమయంలో పూర్తయ్యే వంటలో ఒక కుకీ పక్కదానికంటె పావు వంతు పెద్దదైతే, పెద్దది ఉడికేలోగా చిన్నదాని అంచు మాడుతుంది. ఓవెన్‌లో పెట్టాక ఒక్కోదాన్ని విడిగా తీసే వీలు ఉండదు. ట్రే మొత్తం ఒకేసారి లోపలికి, ఒకేసారి బయటికి. అందువల్ల ట్రే మీద ఉన్న రెండు డజన్ల కుకీలూ ఒకే బరువులో ఉండడం అందం కోసం కాదు, అన్నీ సమంగా కాలడం కోసం.

మన జంతికల గొట్టంతో పోల్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. నూనెలో వేసిన చక్రాలు చిన్నాపెద్దా ఉన్నా నష్టం లేదు. నురుగు తగ్గినదాన్ని తగ్గినట్టు చిల్లుల గరిటెతో తీసేస్తాం, పెద్దదాన్ని ఇంకొంచెం సేపు వదిలేస్తాం. వంటమనిషి కన్నే అక్కడ కొలత. కాబట్టి మన గొట్టానికి కొలత చూపే మీట అవసరం రాలేదు. మర తిప్పుతూ ఉంటే పిండి ఆగకుండా వస్తుంది, చేయి చుట్టూ తిరుగుతుంది, చాలనిపించినప్పుడు ఆపుతాం. మరొక తేడా ఇంకా ఆసక్తికరం. చక్రాన్ని నూనె రాసిన గరిటె వెనకో, తడిగుడ్డ మీదో, అరిటాకు మీదో వత్తుతాం, అంటుకోకుండా నూనెలోకి జారాలని. స్ప్రిట్జ్ పిండికి దీనికి పూర్తిగా ఎదురు కావాలి: అది ట్రేకు గట్టిగా అంటుకోవాలి. బిళ్లకున్న పట్టుకంటె ట్రేకున్న పట్టు ఎక్కువైతేనే ప్రెస్ పైకి ఎత్తినప్పుడు పిండి తెగి కిందే ఉండిపోతుంది. నూనె రాసి అలవాటైన చేయి ఇక్కడ ఆగడం కష్టమే, కానీ ఆగాలి.

ఇంటినుంచి వచ్చిన ఇత్తడి మర గొట్టంలో, ఒకే నక్షత్రం చిల్లున్న బిళ్లతో ఇదే పిండిని పరీక్షించి చూశాను. స్వీడన్ తరహా ఉంగరాలకు అది ప్రెస్ కంటె మెరుగ్గా ఉంది అని చెప్పడానికి సందేహించను. పిండి తాడు తెగకుండా వస్తుంది, గాళ్లు పదునుగా తేలతాయి, వేలితో రెండు కొసలు కలిపితే ఉంగరం తయారు. రిబ్బన్ పకోడీకి వాడే పొడుగు చీలిక బిళ్లతో జర్మనీ తరహా పట్టీలు కూడా చక్కగా వచ్చాయి. అయితే పువ్వు, చెట్టు, మంచుపలుకు వంటి విడి ఆకారాలు రావు. మర ఆపినా లోపలి ఒత్తిడికి పిండి కొంచెం ఉబికి వస్తూనే ఉంటుంది, ఒక చోట ఆగి తెగడం దానికి తెలియదు. అంటే గొట్టం గీతలు గీయగలదు, అచ్చు వేయలేదు. రెండు చేతులతో నొక్కే చెక్క గొట్టాల సంగతి చెప్పనవసరం లేదు. బియ్యప్పిండి కంటె బటర్ పిండి మెత్తగా ఉంటుంది కాబట్టి నొక్కడం తేలికే, కానీ జిడ్డు చెక్కలోకి ఇంకి తరువాతి జంతికల దాకా బాదం వాసన వదలదు.

మీటకు బదులు పైన పిడి తిప్పే పాతకాలపు అల్యూమినియం ప్రెస్‌లు అమెరికాలో పాతసామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. అవి మన మర గొట్టానికి అన్నదమ్ములే. ఎంత తిప్పితే ఒక కుకీ వస్తుందో చేతికి అలవాటు కావాలి, అలవాటయ్యాక పని బాగానే సాగుతుంది. వాటి బిళ్లల సెట్లో ఒంటె కూడా కనిపిస్తుంది; ముగ్గురు జ్ఞానులు ఒంటెల మీద వచ్చారన్న క్రిస్మస్ కథనం గుర్తుకు తెచ్చే ఆ ఆకారం కొత్త సెట్లలో అరుదు. మూపురం దగ్గర పిండి తెగిపోతూ ఉంటుంది కాబట్టి దాన్ని మానేసినందుకు కంపెనీలను తప్పుపట్టలేను.

బిళ్లల గురించి కొనేవారికి ఒక మాట. బిళ్ల మీది చిల్లులు చూస్తే వచ్చే ఆకారం ఊహకు అందదు. చిన్న చిన్న చీలికలు విడివిడిగా ఉంటాయి. వాటిలోంచి వచ్చిన పిండి పాయలు ట్రేను తాకి, పక్కలకు పరుచుకుని ఒకదానితో ఒకటి కలిసినప్పుడే పువ్వు అవుతుంది. అందుకే ప్రెస్ అడుగు అంచు ట్రేకు పూర్తిగా ఆని ఉండాలి. ఆ అంచు బిళ్లను ట్రేకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున నిలబెడుతుంది, కుకీ మందాన్ని నిర్ణయించేది ఆ ఖాళీయే. ప్రెస్‌ను గాలిలో పట్టుకుని నొక్కితే ఏ బిళ్ల పెట్టినా చివరికి వచ్చేది పాయల కుప్పే. ఇరవై బిళ్లలున్న సెట్లో నిజంగా రోజూ వాడదగినవి అయిదారు మించవు: ఆరు రేకుల పువ్వు, దండ, చెట్టు, హృదయం, నక్షత్రం. మధ్యలో పెద్ద ఖాళీలున్నవీ, సన్నని కాళ్లూ చేతులూ ఉన్నవీ అట్టపెట్టె మీద బాగుంటాయి, ఓవెన్‌లో కరిగి గుర్తుపట్టలేనట్టు తయారవుతాయి. కాబట్టి బిళ్లల సంఖ్య ఎక్కువుందని ఎక్కువ ధర పెట్టనవసరం లేదు.

పరికరంతోపాటు ఆలోచించవలసినది ట్రే. లేత రంగు, పూత లేని అల్యూమినియం ట్రే అన్నింటికంటె మంచిది. నాన్‌స్టిక్ ట్రే మీదా, బేకింగ్ కాగితం మీదా, సిలికాన్ చాప మీదా పిండి నిలవదు. ప్రెస్ ఎత్తితే కుకీ దానితోపాటే పైకి లేస్తుంది, కాగితం అయితే అదీ లేచి వస్తుంది. నల్లని ట్రేకు మరో దోషం కూడా ఉంది: వేడిని ఎక్కువగా పీల్చుకుని కుకీ అడుగును త్వరగా ఎర్రబరుస్తుంది. ట్రే చల్లగా ఉండడం అన్నింటికంటె ముఖ్యం. ఓవెన్ నుంచి అప్పుడే తీసిన ట్రే మీద వత్తితే బటర్ తగలగానే కరిగి పట్టు పోతుంది. ఒకే ట్రే ఉన్నవాళ్లు ప్రతి వాయికీ దాన్ని చల్లార్చుకుంటూ కూర్చోవాలి, రెండు మూడు ఉంటే పని తెమిలిపోతుంది. ప్రెస్ ఆకారం వదలడం లేదని కొన్నవాళ్లు రాసే ఫిర్యాదులు చాలావరకు ట్రేకు చెందినవే అని నా అనుమానం.

పిండి కొలతలకు పెద్ద రహస్యం ఏదీ లేదు. 225 గ్రాముల ఉప్పు లేని బటర్, 130 గ్రాముల సన్న చక్కెర, 1 గుడ్డు, 280 గ్రాముల మైదా, పావు టీస్పూను ఉప్పు, 1 టీస్పూను బాదం ఎసెన్స్, అర టీస్పూను వెనీలా. దీనికి అయిదారు డజన్ల కుకీలు వస్తాయి. బటర్‌నూ చక్కెరనూ రంగు తేలేదాకా కలిపి, గుడ్డూ ఎసెన్సులూ వేసి, చివర మైదా చేర్చి, పొడి కనిపించనంత వరకు మాత్రమే కలపాలి. మొదటి దశలో అతిగా గిలక్కొడితే గాలి చేరి కుకీ ఓవెన్‌లో ఉబ్బుతుంది, గాళ్లు చెదిరిపోతాయి. చివరి దశలో అతిగా కలిపితే మైదాకు సాగే గుణమిచ్చే గ్లూటెన్ బిగిసి, నోట్లో పొడిపొడిగా విడిపోవలసిన కుకీ గట్టిపడుతుంది. బేకింగ్ పౌడర్ వేయకపోవడమే మంచిది. కుకీ పిండి అనగానే ఫ్రిజ్‌లో పెట్టాలన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది, అది ఇక్కడ వర్తించదు. చల్లబడిన బటర్ పిండి గొట్టంలోంచి కదలదు, బలంగా నొక్కితే మీట విరుగుతుంది. కలిపిన వెంటనే వత్తడమే పద్ధతి.

చలిదేశపు వంట కాబట్టి ఈ సూచనలన్నీ గది 20 డిగ్రీల దగ్గర ఉంటుందన్న నమ్మకంతో పుట్టినవి. మినెసోటా శీతాకాలంలో బటర్‌ను రెండు గంటల ముందు బయట పెట్టమంటే అర్థం ఉంది. విజయవాడలో మేనెల మధ్యాహ్నం అదే పని చేస్తే మిగిలేది నెయ్యిలాంటి ద్రవం. బటర్ సుమారు 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడాలి కానీ వేలు జిడ్డుగా మెరవకూడదు. మన ఊళ్లలో అయితే డిసెంబరు, జనవరి ఉదయాలు దీనికి తగిన వేళ. వేసవిలో చేయక తప్పనివాళ్లు కలిపిన పిండిని పది నిమిషాలకు మించకుండా ఫ్రిజ్‌లో ఉంచి, వేలికి మెత్తగానే తగులుతుండగా తీసి వాడవచ్చు. లోహపు గొట్టాన్ని కూడా చల్లని నీళ్లలో ముంచి తుడిచి వాడితే పిండి అంచుల్లో కరగదు.

బటర్ ఎంపిక మీద ఇంకొంత చెప్పాలి. మన దేశంలో దుకాణాల్లో ఎక్కువగా దొరికే పసుపు టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది; నిబంధనల ప్రకారం అందులో కొవ్వు 80 శాతానికి తగ్గకూడదు, నీరు 16 శాతం, ఉప్పు 3 శాతం మించకూడదు. అది వాడితే విడిగా ఉప్పు వేయకండి, రుచి అప్పటికీ కొంచెం ఉప్పగానే ఉంటుంది, ఉస్మానియా బిస్కట్లు ఇష్టపడే హైదరాబాదు వాళ్లకు అది లోపంగా తోచకపోవచ్చు. ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ ఎంత మిగిలిందో చెప్పలేం, నీరు ఎక్కువైతే పిండి సాగి గట్టిపడుతుంది. బాగా కడిగి, చేత్తో గట్టిగా పిండి, నీరు కారడం ఆగాకే వాడాలి. నెయ్యి మాత్రం వద్దు. అందులో నీరు దాదాపు ఉండదు, కరిగే తీరు వేరు, నెయ్యితో చేసిన నాన్‌ఖటాయ్ పగిలి పరుచుకోవడమే దాని అందం. స్ప్రిట్జ్‌కు అంచు నిలవాలి. వనస్పతి, మార్జరిన్ వేస్తే ఆకారం బటర్ కంటె బాగా నిలుస్తుందన్నది నిజమే, కానీ నోట్లో పూతలా మిగిలిపోయే ఆ కొవ్వు కోసం ఇంత శ్రమ ఎందుకు?

బాదం ఎసెన్స్ దగ్గర మన నాలుకకు కొంత సర్దుబాటు కావాలి. బాదం పాలలోనూ బాదం హల్వాలోనూ మనం ఇష్టపడే పరిమళం ఏలకులది, కుంకుమపువ్వుది, నేతిది. తీపి బాదంపప్పుకు సొంతంగా ఉండే వాసన చాలా తక్కువ. ఎసెన్స్ సీసాలోని ఘాటు బెంజాల్డిహైడ్ అనే పదార్థానిది. చేదు బాదంలోనూ, ఆప్రికాట్, పీచ్ టెంకల్లోని పప్పులోనూ అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. పప్పు నలిగి తడి తగిలినప్పుడు అది విడిపోయి బెంజాల్డిహైడ్‌తోపాటు హైడ్రోజన్ సయనైడ్ అనే విషాన్ని కూడా పుట్టిస్తుంది. సహజమైన ఎసెన్స్ తయారుచేసేటప్పుడు ఆ విషాన్ని తొలగిస్తారు, కాబట్టి సీసాలోది వాడుకోవడానికి భయం లేదు. చేదు గింజలు నూరి ఇంట్లోనే ఎసెన్స్ చేసుకునే ప్రయోగం మాత్రం ఎవరూ చేయకూడదు. హైదరాబాదులో ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా మీద అలంకరించే టెంకపప్పు సాధారణంగా తీపి రకానిది. దాన్ని కొరికినప్పుడు లీలగా తగిలే వాసన గుర్తున్నవాళ్లకు స్ప్రిట్జ్ వాసన కొత్తగా అనిపించదు.

కృత్రిమ ఎసెన్స్‌లోనూ ప్రధానమైన వాసన బెంజాల్డిహైడ్‌దే కాబట్టి, ఓవెన్‌లో కాలే ఈ కుకీలో సహజమైనదానికీ దానికీ పెద్ద తేడా నాకు తెలియలేదు. మోతాదులోనే జాగ్రత్త కావాలి. అమెరికాలో అమ్మే సీసాలోదైతే 1 టీస్పూను సరిపోతుంది, దాటితే కుకీ ఔషధంలా వాసన వేస్తుంది. మన దుకాణాల్లోని చిన్న సీసాల ఘాటు ఒకటి ఒకలా ఉంటుంది, కనుక పావు టీస్పూనుతో మొదలుపెట్టి, పచ్చి పిండిని వాసన చూసి పెంచుకోవడం మేలు. కాలేటప్పుడు కొంత ఎగిరిపోతుంది కాబట్టి పచ్చిపిండిలో కొంచెం ఎక్కువ అనిపించినా పరవాలేదు. సీసా మూత గట్టిగా బిగించి ఉంచాలి. గాలి తగిలితే బెంజాల్డిహైడ్ క్రమంగా వాసన లేని బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది. నిజమైన బాదం కూడా కావాలనుకునేవారు 50 గ్రాముల మైదా తీసేసి, పొట్టు తీసి మెత్తగా పొడిచేసి జల్లించిన బాదంపొడి వేయవచ్చు, కానీ పెద్ద చిల్లుల బిళ్లలతోనే, లేదా జంతికల గొట్టంతో. ఏలకుల పొడి చిటికెడు వేస్తే బాగుంటుందా అని నన్ను చాలామంది అడుగుతారు. బాగుంటుంది. స్వీడన్ వాళ్లు రొట్టెల్లో, బన్నుల్లో ఏలకులు విరివిగా వాడతారు కాబట్టి ఇందులో అపచారమేమీ లేదు, ఎసెన్స్‌ను సగానికి తగ్గించాలంతే.

గుడ్డు తిననివారు దానికి బదులు 3 టేబుల్ స్పూన్ల పాలు పోయవచ్చు. కుకీ ఇంకొంచెం పెళుసుగా వస్తుంది, రంగు తక్కువ. ఓవెన్ 190 డిగ్రీలకు వేడెక్కాక మధ్య అరలో పెట్టి, ఏడో నిమిషం నుంచి కనిపెట్టి ఉండాలి. అంచులు లేత బంగారు రంగుకు వచ్చి, పైభాగం ఇంకా తెల్లగా ఉన్నప్పుడే తీయాలి. పైన కూడా ఎర్రబడితే ఎసెన్స్ వెనక్కు పోయి మాడిన చక్కెర రుచి ముందుకు వస్తుంది. చిన్న ఓటీజీల్లో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్లలో) వేడి కడ్డీలు ట్రేకు దగ్గరగా ఉంటాయి కాబట్టి 175 డిగ్రీలు చాలు, సమయం రెండు మూడు నిమిషాలు పెరుగుతుంది. తీసిన వెంటనే కదిలిస్తే విరుగుతాయి. రెండు నిమిషాలు ఆగి పలుచని అట్లకాడతో లేపాలి.

ఇక లోపాలు. ప్రతిసారీ కొత్తగా నింపాక మొదటి రెండు మూడు నొక్కుల్లో ఆకారం రాదు, బిళ్ల చిల్లులు పిండితో నిండాకే సరైన కుకీ పడుతుంది. పాడైనవి తిరిగి గొట్టంలో వేసుకోవచ్చు కనుక వృథా కాదు గానీ చిరాకు మాత్రం మిగులుతుంది. పిండి కూరేటప్పుడు మధ్యలో గాలి చిక్కితే ఒక కుకీ సగం వస్తుంది. గొట్టంలో ఒకసారికి పట్టేది మొత్తం పిండిలో కొంత భాగం మాత్రమే కాబట్టి మాటిమాటికీ విప్పి నింపాలి. కడ్డీ పూర్తిగా దిగినా అడుగున ఒకటి రెండు కుకీల పిండి మిగిలిపోతుంది. అయిదు డజన్లు పూర్తయ్యేసరికి పిడికిలి నొప్పి పుడుతుంది. కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మీట ప్రెస్ కంటె మర తిప్పే రకమే నయం. మీట ప్రెస్‌లలో పిడి భాగం తరచుగా ప్లాస్టిక్‌దే, చల్లని పిండిని మొండిగా నొక్కేవారి చేతిలో అది ఎక్కువ కాలం నిలవదు. పూత లేని అల్యూమినియం భాగాలను గిన్నెలు కడిగే యంత్రంలో వేస్తే ఆ క్షారపు సబ్బుకు నల్లబడతాయి, కనుక వేడినీళ్లతో చేత్తో కడిగి వెంటనే తుడవాలి. మీట వెనకనున్న ఇరుకు సందుల్లోకి బటర్ చేరితే తీయడం కష్టం. పూర్తిగా విడదీయగల నమూనానే ఎంచుకోవడానికి ఇది చాలిన కారణం.

అమెరికాలో మంచి ప్రెస్ సుమారు 25 నుంచి 45 డాలర్ల మధ్య దొరుకుతుంది. మన దేశంలో కొన్ని వందల రూపాయలకే స్టీలు గొట్టం రకాలు అమ్ముతున్నారు. దిగుమతి చేసుకున్నవాటికి ధర చాలా ఎక్కువ. తక్కువ ధర రకం కొనేటప్పుడు దుకాణంలోనే ఖాళీగా నొక్కి చూడండి: కడ్డీ ప్రతిసారీ అంతే దూరం దిగుతోందా, మధ్యలో జారుతోందా, పక్కకు ఊగుతోందా. జారే కడ్డీ ఉన్న ప్రెస్ ఎన్ని బిళ్లలిచ్చినా దండగే, ఎందుకంటే కొనేది ఆ కొలతనే. తరువాత ఒక బిళ్ల పెట్టి మూత బిగించి అంచు సమంగా ఉందో లేదో గచ్చు మీద నిలబెట్టి చూడాలి, బిళ్లలు విడిగా దొరుకుతాయో లేదో అడగాలి, పోయేవి అవే కాబట్టి.

ఇంట్లో నక్షత్రం బిళ్లతో ఇత్తడి గొట్టం ఉన్నవాళ్లు మాత్రం ముందు సగం కొలత పిండితో ఉంగరాలు చేసి చూడండి. బాదం ఎసెన్స్ వాసన ఇంట్లోవాళ్లకు నచ్చుతుందో లేదో దానితోనే తేలిపోతుంది. నచ్చి, క్రిస్మస్‌కో పిల్లల బడి వేడుకకో నాలుగైదు ట్రేలు ఒకే పూటలో కాల్చే అవసరం వస్తే అప్పుడు మీట ప్రెస్‌కు డబ్బు పెట్టవచ్చు, దానితోపాటు పూత లేని అల్యూమినియం ట్రే మరొకటి కూడా తీసుకోండి.